సాంబల్ గిన్నె వెంట మలేసియా: కేఎల్, ఇపో, బాగన్ దతుక్, పెనాంగ్, మళ్ళీ వైజాగ్ వంటిల్లు

శనివారం, వైజాగ్

వైజాగ్ నుంచి కౌలాలంపూర్‌కి (అక్కడ కేఎల్ అంటారు) డైరెక్ట్ ఫ్లైట్ 2024 ఏప్రిల్‌లో మొదలైన దగ్గర్నుంచి మా ఆయన్ని పీకుతూనే ఉన్నా, మొత్తానికి ఈ జూన్ చివర కుదిరింది. నాలుగు గంటలు కూడా పట్టదు, గోదావరి ఎక్కి హైదరాబాద్ వెళ్ళేంత టైమ్‌లో మూడోవంతు. వీసా గొడవ కూడా లేదు, 2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపితే చాలు.

నేను వెళ్ళింది టవర్లు చూడ్డానికి కాదండీ, వంట కోసం. కేఎల్‌లో ఉండే మా పిన్ని కూతురు రెండేళ్ళుగా ఫోన్‌లో సాంబల్ ఫొటోలు పెట్టి ఊరిస్తోంది (సాంబార్ కాదు, సాంబల్, ఎండుమిరపకాయల ముద్ద కూర లాంటిది). మాతో అత్తయ్య కూడా వస్తానన్నారు. ఆవిడ శనివారం, సోమవారం నీచు ముట్టరు, మిగతా రోజుల్లో చేప కనిపిస్తే వదలరు. కాబట్టి బ్యాగులో సగం బట్టలు, సగం కొత్తావకాయ, కందిపొడి, రసం పొడి, మాడుగుల హల్వా. ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టామో లెక్కలేదు, అయినా మా ఆయన తన చొక్కాలు ఆ సూట్‌కేస్‌లో పెట్టనివ్వలేదు.

ఆదివారం, కేఎల్

వాళ్ళ టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, అందుకని రాత్రి ఎక్కి సరిగ్గా నిద్ర కూడా పట్టకుండానే తెల్లారిపోయింది. చెల్లి కారులో తీసుకెళ్తూ ఇంటికి కూడా తీసుకెళ్ళకుండా రోడ్డు పక్కన బల్ల వేసుక్కూర్చున్న ఒకావిడ దగ్గర ఆపింది. అరిటాకూ దానిపైన కాగితం చుట్టిన చిన్న చిన్న పొట్లాలు, గోపురంలా నిలబెట్టి ఉన్నాయి. నాసి లెమాక్. పొట్లం మూడు రింగిట్లు, రింగిట్ అంటే అప్పటికి దాదాపు 20 రూపాయలు వేసుకోండి. కొబ్బరిపాలల్లో పాండన్ ఆకు వేసి వండిన అన్నం, పక్కన సాంబల్, వేయించిన చిన్న ఎండు నెత్తళ్ళు, వేరుశనగ గుళ్ళు, దోసకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు సగం ముక్క. కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. అత్తయ్య మొదటి ముద్ద తిని ఏమీ అనలేదు, రెండో పొట్లం తీసుకున్నారు, అదే సర్టిఫికెట్.

పాండన్ గురించి ఒక మాట. ఇది మన మొగలి జాతి మొక్కే, కానీ వాసన పువ్వుది కాదు ఆకుది, బాస్మతి బియ్యంలో వచ్చే కమ్మటి వాసనకీ దీనికీ కారణం ఒకటే పదార్థం. అందుకే అక్కడ మామూలు బియ్యం కూడా ఈ ఆకు ముడివేసి వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. కేక్‌లో వేస్తారు, పాయసంలో వేస్తారు, టాక్సీలో బొద్దింకలు రాకుండా కట్ట కట్టి వెనక కూడా పెడతారు.

మధ్యాహ్నం చౌకిట్ మార్కెట్‌కి వెళ్ళి సామాన్లు కొన్నాం, అక్కడ నేల తడి, చేపల వాసన, కేకలు, అచ్చం మన పూర్ణా మార్కెటే గానీ నిమ్మగడ్డి మాత్రం మోపులు మోపులుగా పడేసి ఉంది. దుంపరాష్ట్రకం (అల్లం జాతి దుంప, అక్కడ లెంక్వాస్ అంటారు) పచ్చిది గులాబీ రంగులో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది, మన దగ్గర ఆయుర్వేదం కొట్లో ఎండిన ముక్కలు తప్ప చూడలేదు కదా.

సాయంత్రం చెల్లి వాళ్ళ పక్క ఫ్లాట్ మలయ్ ఆంటీ వచ్చారు, పెద్ద వయసు ఆడవాళ్ళని అక్కడ మక్చిక్ అంటారు, మేమూ అలాగే పిలిచాం. గుమ్మంలోంచే మొదటి ప్రశ్న, "మీలో ఎవరు ఏం తినరు?" అని. పలకరింపుకన్నా ముందు అదే. చెల్లి నవ్వి, ఇక్కడ అందరూ అంతే అక్కా, అలవాటైపోతుంది అంది. అత్తయ్యకి ఈ ప్రశ్న భలే నచ్చేసింది, వివరంగా వారం వారీగా చెప్పారు, మక్చిక్ తల ఊపుతూ అంతా విన్నారు.

ఇక సాంబల్. ఎండుమిరపకాయలు కత్తెరతో ముక్కలు చేసి గింజలు దులిపేసి వేడినీళ్ళలో నానబెట్టారు. బెలచాన్ అంటే రొయ్యపొట్టుని ఉప్పేసి పులియబెట్టి ఎండబెట్టి చేసిన ముదురు రంగు అచ్చు, దాన్ని చిన్న ముక్క కోసి పొడి పెనం మీద కాల్చారు. ఆ వాసనకి మా ఆయన బాల్కనీలోకి పారిపోయాడు. నేను భీమిలి దగ్గర ఎండుచేపల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకేం అనిపించలేదు, పైగా ఆకలేసింది. మిరపకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, బెలచాన్ కలిపి రుబ్బి నూనెలో వేశారు, నూనె అంటే మనం కూరకి వేసేది కాదు, ఒక కప్పు పైనే. ఇక సన్నమంట మీద కలుపుతూనే ఉండాలి. నేను పది నిమిషాలకే అయిపోయిందనుకున్నా. మక్చిక్ గరిటె నా చేతికిచ్చి సోఫాలో కూర్చున్నారు. ముద్ద ఎరుపు పోయి ఇటుక రంగుకి వచ్చి, నూనె విడిపోయి పైకి తేలి, పచ్చివాసన పూర్తిగా పోయేదాకా, ముప్పావుగంట. అప్పుడు చింతపండు రసం, గుల మలాకా (కొబ్బరి చెట్టు నీరా నుంచి తీసే బెల్లం), ఉప్పు. ముందే కరకరా వేయించిన నెత్తళ్ళు సగం లోపల, సగం పైన. తొందరపడితే కడుపులో మండుతుందట, నూనె తేలకపోతే మర్నాటికి పాడవుతుందట, అదీ ఆవిడ లెక్క.

రాత్రి మక్చిక్ వాళ్ళ ఇంట్లోవాళ్ళు, మేము, కింద ఫ్లోర్‌లోని చైనీస్ జంట అందరం చెల్లి వాళ్ళ నేలమీదే కూర్చుని తిన్నాం. మన కందిపొడి ఆ కొబ్బరి అన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుందో ఎవరైనా ట్రై చేశారా, చేయకపోతే చేయండి.

సోమవారం, ఇపో

కేఎల్ సెంట్రల్ నుంచి ఈటీఎస్ రైల్లో ఇపో రెండున్నర గంటలు. రైలు నీట్‌గా ఉంది, ఏసీ మాత్రం ఎముకలు కొరికేసింది, శాలువా పట్టుకెళ్ళండి.

ఈ రోజు అత్తయ్య శాకాహారం, అసలు పరీక్ష ఇక్కడే. మలేసియాలో వెజ్ అంటే ఏమిటో ముందే తెలుసుకోకపోతే ఇబ్బందే, "సయూర్" అంటే కూరగాయలు, అంతే, అందులో బెలచాన్ ఉండదని గ్యారంటీ లేదు, తోటకూర లాంటి కంకుంగ్ ఆకు వేపుడులో అదే అసలు రుచి. కాబట్టి "బెలచాన్ ఉందా, ఎండు చేప ఉందా" అని విడివిడిగా అడగాలి. నిశ్చింతగా తినాలంటే రెండు దారులు, ఒకటి మన తమిళుల శాకాహార అరిటాకు భోజనం హోటళ్ళు, రెండోది బౌద్ధుల చైనీస్ వెజ్ హోటళ్ళు. ఇపో చుట్టూ సున్నపురాయి కొండలు, వాటి గుహల్లో బౌద్ధ, తావో గుళ్ళు, ఆ గుళ్ళు చూసి అలాంటి ఒక హోటల్‌కి వెళ్ళాం, ఉల్లి వెల్లుల్లి కూడా వాడరు. అంతా బాగానే ఉంది గానీ వాళ్ళు సోయాతో చేప ఆకారంలో, పైన సముద్రపు నాచుతో తోలు కూడా పెట్టి ఒకటి తెచ్చారు, అత్తయ్య దాన్ని చూసి ప్లేటు దూరం జరిపేశారు. సోయా అత్తయ్యా అంటే "సోమవారం నా కళ్ళు చేపని చూశాయి కదే" అన్నారు. వాదించలేం.

ఇపో వైట్ కాఫీ పేరు విని పాలు ఎక్కువేమో అనుకుంటారు, కాదు, గింజల్ని మార్జరిన్‌తో వేయిస్తారు, చక్కెర వేసి నల్లగా మాడ్చరు, అందుకని రంగు తేలిక, కండెన్స్‌డ్ మిల్క్ పోసి ఇస్తారు. నాకు తీపి ఎక్కువైంది. ఇక్కడి మొలకలు మాత్రం పొట్టిగా, బొద్దుగా, అబ్బో, ఉడికించిన కోడితో కలిపి పెడతారు, నీళ్ళ మహిమ అంటారు ఊరివాళ్ళు. ఒక కొట్లో ఎండు పుట్టగొడుగులు పావుకిలో కొన్నా, ఎందుకో చివర్లో చెప్తా.

మంగళవారం, బాగన్ దతుక్

ఈ రోజు కోసమే నేను ఇంతదూరం వచ్చానేమో. చెల్లి ఆఫీసులో పనిచేసే ఒక మలేసియా తెలుగు అమ్మాయి వాళ్ళ మామ్మగారి ఊరు ఇది. ఇపో నుంచి కారులో రెండు గంటలు, దారిలో తెలుక్ ఇంతాన్‌లో 1885లో కట్టిన ఒరిగిపోయిన గడియారం బురుజు దగ్గర ఒక ఫొటో, అంతే. తర్వాత రోడ్డుకి రెండువైపులా కొబ్బరితోటలు, పెరాక్ నది సముద్రంలో కలిసేదాకా కొబ్బరితోటలే. కోనసీమ అనుకుంటారు, ఇళ్ళ బోర్డులు చదివేదాకా.

ఇక్కడి తెలుగువాళ్ళ తాతముత్తాతలు ఎక్కువగా అప్పటి గంజాం, విశాఖ జిల్లాల వాళ్ళు, అంటే మా వైపు వాళ్ళే. బ్రిటిష్ కంపెనీల తోటల్లో పనికి కంగాణీలు (కూలీల మేస్త్రీలు) ఊళ్ళకొచ్చి మనుషుల్ని పోగుచేసి ఓడెక్కించారు. 1938లో ఇండియా ప్రభుత్వం ఈ కూలీల వలసని ఆపేసింది, అప్పటికి వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. ఎస్టేట్ బడుల్లో ఒకప్పుడు తెలుగు కూడా చెప్పేవారు. ఇప్పుడు బయట మలయ్, తమిళం, ఇంట్లో తెలుగు.

ఎనభై దాటిన మామ్మగారు గుమ్మంలో నిలబడి "ఏటి, ఇప్పుడా రావడం?" అన్నారు. మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నొక్కేశారు. ఆ మాట తీరు మా అత్తయ్య వాళ్ళ అమ్మది, శ్రీకాకుళం పల్లెల్లో కూడా ఇప్పుడు టీవీ భాష వచ్చేసింది, ఇక్కడ సముద్రం అవతల ఆ యాస అలాగే ఉంది, మధ్యలో మలయ్ మాటలు పడుతుంటాయి అంతే.

మామ్మగారి కోడలు ముందురోజే ఫోన్ చేసి మేం ఏం తినమో కనుక్కున్నారు, కాబట్టి ఇంటికి వచ్చేసరికే అంతా తయారు. చేపల పులుసు, కానీ చింతపండుతో పాటు అసాం కెపింగ్ అనే ఎండబెట్టిన పుల్లటి ముక్కలు, బెండకాయలు వేసి. నెత్తళ్ళ వేపుడు. కొబ్బరి పచ్చడి రోట్లో రుబ్బింది. దాని పక్కనే సాంబల్ గిన్నె, అది మలయ్ వంట అనీ ఇది తెలుగు వంట అనీ ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు. కోడికూరలో కరివేపాకుతో పాటు పాండన్, నిమ్మగడ్డి. చివర్లో పరమాన్నం, అందులోనూ పాండన్ ఆకే, యాలక్కాయ లేదు. నేను అడిగితే, యాలకులు ఇక్కడ ఖరీదు, ఆకు పెరట్లో ఉంది, మా అమ్మ కాలం నుంచీ ఇంతే అన్నారు.

మా కొత్తావకాయ సీసా తీశాం. మామ్మగారు వేలికి రాసుకుని నాకి, కాసేపు ఆలోచించి, "ఆవ తగ్గింది" అన్నారు. అత్తయ్య మొహం చూడాలి! వైజాగ్ నుంచి మోసుకొచ్చిన ఆవకాయకి మలేసియాలో మార్కులు తగ్గాయి. తర్వాత మామ్మగారు లోపల్నుంచి తన జాడీ తెచ్చారు, అక్కడి పుల్ల మామిడితో పెట్టింది, ఆవ ఘాటు ముక్కులోకి కొట్టింది. అత్తయ్య రెండుసార్లు వడ్డించుకుని "ముక్క కొంచెం మెత్తబడింది" అన్నారు. లెక్క సరిపోయింది, ఇద్దరూ ఆ తర్వాత మంచి స్నేహితులైపోయి వంటింట్లో కూర్చున్నారు.

మాడుగుల హల్వా ఇస్తే బదులుగా డోడోల్ పొట్లం కట్టారు. జిగురు బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుల మలాకా పెద్ద కళాయిలో గంటల తరబడి నలుగురు మార్చి మార్చి కలిపితే వచ్చే సాగే తీపి, నల్లగా జిగురుగా ఉంటుంది. నెయ్యి చుక్క లేదు, ఆ నూనె మెరుపంతా కొబ్బరిదే. రంజాన్ పండక్కి పక్క మలయ్ కాలనీ వాళ్ళు చేస్తే వీళ్ళకి వస్తుంది, ఉగాదికి వీళ్ళ బూరెలు అటు వెళ్తాయి. వాళ్ళ పెరట్లో కోసిన కొబ్బరికాయలు మా కారు డిక్కీ నిండా వేశారు, వద్దంటే వినరు, పెనాంగ్‌లో మేం దిగిన ఇంటావిడకి అవే మా కానుక అయ్యాయి.

బుధవారం, పెనాంగ్

బటర్‌వర్త్ దాకా రైలు, అక్కడ్నుంచి జార్జ్‌టౌన్‌కి ఫెర్రీ. ఊరు పాతబడి అందంగా ఉంది, 2008లో మలాకాతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలోకి వచ్చింది, గోడల మీద బొమ్మల దగ్గర ఫొటోలకి క్యూలు. మేం క్యూ కట్టింది నాసి కాందార్‌కి.

కాందార్ అంటే కావడి. ఒకప్పుడు తమిళ ముస్లింలు కావడికి ఒకవైపు అన్నం, ఇంకోవైపు కూరలు వేలాడేసుకుని రేవు కూలీలకి అమ్మేవారు. ఇప్పుడు కావడి పోయి స్టీలు కౌంటర్ వచ్చింది. ప్లేటులో అన్నం, పైన మీరు చూపించిన కోడి, చేప జన, బెండకాయ, కాకరకాయ, దాని మీద ఒక కూర పులుసు కాదు, నాలుగైదు రకాల పులుసులు గరిటెలతో కలిపి పోస్తారు, "బంజిర్" అంటే వరద లాగా పోసేస్తారు. మా ఆయనకి ఇది స్వర్గం. నాకు మాత్రం అన్నీ కలిసిపోయి ఏది ఏమిటో తెలియలేదు, నాకు విడివిడిగా తినడమే ఇష్టం, ఎవరేమనుకున్నా సరే.

రాత్రి హాకర్ సెంటర్, అంటే తిండి బళ్ళన్నీ ఒకేచోట ఉండే చోటు. చార్ క్వే టియావ్ అంటే వెడల్పు బియ్యం నూడుల్స్‌ని భగభగ మంట మీద రొయ్యలు, ఆల్చిప్పలు, మొలకలు, గుడ్డు వేసి రెండు నిమిషాల్లో తిప్పేస్తారు, ఒక్కసారికి ఒకటి రెండు ప్లేట్లే, ఎక్కువ వేస్తే ఆ పొగవాసన రాదు. చాలా చైనీస్ బళ్ళలో పంది కొవ్వు వాడతారు, వద్దనుకుంటే ముస్లింలు నడిపే బళ్ళున్నాయి. ఇక్కడ ఒకటి గమనించా. మలేసియాలో అందరూ ఒకే బల్ల మీద కలిసి తింటారు అని టూరిజం వీడియోల్లో చూపిస్తారు, అది సగమే నిజం. హలాల్ బళ్ళు వేరు, ప్లేట్లు వేరు, ముస్లిం కుటుంబాలు చాలా చైనీస్ హాకర్ సెంటర్ల వైపే రావు. కలిసి తినేది ఎక్కువగా ఇళ్ళల్లో, అదీ ముందే అడిగి తెలుసుకుని. మనదగ్గర ఈ ప్రశ్న అడిగితే కులం అడిగినట్టు ఉంటుంది, లేదా "మీకు తెలీదా మేం తినమని" అని వాళ్ళే ముందు నొచ్చుకుంటారు. అక్కడ అడగకపోతేనే తప్పు.

గురువారం, బాలిక్ పులావ్

పొద్దున చౌరస్తా మార్కెట్. నిజంగానే పేరు చౌరస్తా, పెనాంగ్ రోడ్డు మీద, భారతీయ ముస్లింల వల్ల వచ్చిన పేరు. అక్కడ జాజికాయ పండు ముక్కల ఊరగాయ, తీపిది, ఉప్పుది, ఎండుది. మనం లోపలి గింజ, జాపత్రి మాత్రమే వాడతాం, వాళ్ళు పైన గుజ్జు కూడా వదల్లేదు. అరకిలో తెచ్చాం.

దీవికి అవతలివైపు బాలిక్ పులావ్‌లో ఒక మలయ్ కుటుంబం ఇంట్లో ఆ రాత్రి బస. పండ్లతోటలు, డూరియన్ సీజన్, రోడ్డంతా ఆ వాసనే. హోటళ్ళలో అయితే డూరియన్ తేవద్దని బోర్డులు ఉంటాయి, ఇక్కడ వాళ్ళే కోసి పెట్టారు. నేను ఒక తొన తిన్నా, మా ఆయన మూడు, అత్తయ్య దగ్గరికి కూడా రాలేదు, పనస అయితే చెప్పు అన్నారు.

ఇంటావిడని కక్ అని పిలిచాం, అంటే అక్క. మళ్ళీ అదే ప్రశ్న, బీఫ్ తినరని చెప్పగానే కోడి రెండాంగ్ చేద్దాం అని, మాకోసం గిన్నెలు విడిగా తీసిపెట్టారు, మేం అడగలేదు. రెండాంగ్‌లో చిన్న ఉల్లి, వెల్లుల్లి, అల్లం, దుంపరాష్ట్రకం, నిమ్మగడ్డి, ఎండుమిరప రుబ్బి, కొబ్బరిపాలల్లో (బాగన్ దతుక్ కాయలవి!) ముక్కలు వేసి మూత లేకుండా ఇగరబెడతారు. చివర్లో రెండు పనులు. ఒకటి, కొబ్బరి కోరు నూనె లేకుండా గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, నూనె ఊరేదాకా రోట్లో దంచి కలపడం, దాన్ని కెరిసిక్ అంటారు. రెండోది, లేత పసుపు ఆకుని దారాల్లా తరిగి వేయడం. ఈ రెండూ లేకపోతే అది కొబ్బరిపాల కోడికూర, అంతే. కోడికి గంటలోపు చాలు, బీఫ్‌కైతే మూడు నాలుగు గంటలు. 2018లో ఒక బ్రిటిష్ టీవీ వంటల పోటీలో జడ్జి రెండాంగ్ కోడి తోలు కరకరలాడలేదన్నాడు, మలేసియా ఇండోనేసియా ఎప్పుడూ రెండాంగ్ మాది అంటే మాది అని కొట్టుకునేవాళ్ళు ఆ ఒక్క విషయంలో కలిసి తిట్టారట. కక్ ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గరిటె పైకెత్తుతారు.

మేం టమాటా రసం, బంగాళదుంప వేపుడు చేశాం. వాళ్ళ పిల్లలు రసాన్ని గ్లాసుల్లో పోసుకుని తాగేశారు, కక్ రసం పొడి డబ్బా తీసి దాచుకున్నారు.

శుక్రవారం, రైల్లో

అసాం లక్సా గురించి చెప్పకపోతే పెనాంగ్ వాళ్ళు ఊరుకోరు. కెక్ లోక్ సి గుడి దగ్గర తిన్నాం. కానాగంతలు ఉడికించి ముళ్ళు తీసి పులుసులో కలిపేసి, చింతపండు, అసాం కెపింగ్, అల్లం జాతి పువ్వు బుంగా కాంతాన్ మొగ్గ తరిగి, లావు బియ్యం నూడుల్స్ మీద పోసి, పైన అనాసముక్కలు, పుదీనా, నల్లటి రొయ్యల పాకం. పులుపు ఇష్టపడే మన నాలుకకి ఇదే ఆ దేశంలో నంబర్ వన్, నా ఓటు దీనికే. ఆ తర్వాత కేఎల్ దాకా రైలు, నిద్ర.

శనివారం షాపింగ్, ఫ్లైట్. పాండన్ మొక్క తెచ్చుకోవాలనిపించింది గానీ మొక్కలకి క్వారంటైన్ రూల్స్ ఉంటాయి, తీసుకురాకూడదు. బెలచాన్ సీల్ వేసిన అచ్చు ఒకటి తెచ్చా.

తర్వాతి ఆదివారం, వైజాగ్

పాండన్ కడియం నర్సరీ నుంచి తెప్పించా, అక్కడ బిర్యానీ ఆకు మొక్క అంటారు, కుండీలో నీడన పెడితే బాగానే వస్తుంది. మిగతావాటికి నా లెక్క ఇదీ. మన గుంటూరు మిరప ఒక్కటే వేస్తే ఎవరూ తినలేరు, సగం బ్యాడిగి కలపాలి, రంగు కూడా వస్తుంది. గుల మలాకా బదులు తాటిబెల్లం నిక్షేపంగా సరిపోతుంది. మన ఎండు నెత్తళ్ళు ఇసుకలో ఎండబెడతారు, ఉప్పు కూడా ఎక్కువ, తల తీసి రెండు మూడుసార్లు కడిగి మళ్ళీ ఎండలో ఆరబెట్టి వేయించాలి. బియ్యం సోనామసూరి అయితే రెండు కప్పులకి కొబ్బరి రెండో పాలు, నీళ్ళు కలిపి మూడున్నర కప్పులు, ఉప్పు, అల్లం చెక్కలు, ముడివేసిన పాండన్, దించే ముందు చిక్కటి పాలు పావుకప్పు. దుంపరాష్ట్రకానికి అల్లం బదులు కాదు, ఎవరు చెప్పినా నమ్మొద్దు, దొరక్కపోతే రెండాంగ్ మానేయండి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముందురోజే పెట్టా, ఎవరు ఏం తినరో చెప్పండి అని. మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పైఫ్లోర్ ఆవిడ పర్సనల్‌గా మెసేజ్ పెట్టారు, మాకు ఉల్లి వెల్లుల్లి వద్దమ్మా అని. ఎదురింటి ముస్లిం కుటుంబం, చికెన్ అయితే హలాల్ కొట్టులోది అని. ఇక లైన్ కట్టాయి, ఒకరికి వేరుశనగ పడదట, ఇన్నేళ్ళుగా వాళ్ళకి పల్లీ చట్నీ పంపుతున్నా, చెప్పలేదు చూడండి.

చివరికి మూడు రకాల సాంబల్. నెత్తళ్ళు, బెలచాన్‌తో అసలుది. రెండోది ఉల్లి వెల్లుల్లి ఉండి నీచు లేనిది, ఇపోలో కొన్న ఎండు పుట్టగొడుగులు నానబెట్టి తరిగి వేయించి కలిపా, ఆ లోతైన రుచికి అవే దిక్కు. మూడోది మిరప, టమాటా, ఇంగువ, చింతపండు, బెల్లంతో, అది మలేసియా వాళ్ళు ఒప్పుకోరేమో గానీ ఆ కొబ్బరి అన్నానికి బాగా అతికింది. మూడింటికీ నూనె తేలేదాకా నిలబడ్డా, పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదకొండు. అత్తయ్య అరిటాకులు మంట మీద వాడ్చి పొట్లాలు కట్టారు, ఎర్రదారం నెత్తళ్ళది, తెల్లదారం వెజ్, పసుపుదారం ఉల్లి లేనిది. అన్నం పొట్లాల్లో, విడిగా సాంబల్ స్టీలు డబ్బాల్లో పంపాం.

సాయంత్రానికి డబ్బాలు తిరిగొచ్చాయి, ఒక్కటీ ఖాళీగా రాలేదు, ఒకదాంట్లో షీర్ ఖుర్మా, ఒకదాంట్లో పూర్ణం బూరెలు, ఇంకోదాంట్లో చింతచిగురు పచ్చడి. మూడో ఫ్లోర్ వాళ్ళది మాత్రం ఇంకా రాలేదు. అది మూత టైటుగా ఉండే మంచి డబ్బా, అత్తయ్య రోజూ అడుగుతున్నారు.